జింకల వేటా, ఇన్సూరెన్సు గడువూ

“నువ్వు చూడు కొరీన్, ఇలాంటివి నీకే బాగా వస్తాయి,” అంటూ డ్వేన్ లావుపాటి కవరొకటి తెచ్చి, ఆమె ఉల్లిపాయలు తరుగుతున్న చెక్క పక్కన పడేసి, బూట్లు విప్పుకోవడానికి వెళ్ళిపోయాడు.

పెళ్ళయిన ఈ పాతికేళ్ళలో కొరీన్‌కి బాగా వచ్చినవి చాలానే ఉన్నాయి. ఇన్‌కంటాక్సు బాగా వస్తుంది. అత్తగారి మందుబిళ్ళలు వారానికి సరిపడా డబ్బాలో సర్దడం బాగా వస్తుంది. మంచు పడకముందే కారుకి టైర్లు మార్పించడం, కూతురి కాలేజీ అప్పుల వాళ్ళతో గంటసేపు ఫోనులో వేలాడటం, ఇల్లు వెచ్చగా ఉంచే పొయ్యి గొట్టం చెడితే ఏ మనిషి తక్కువ తీసుకుంటాడో తెలుసుకోవడం, అన్నీ బాగా వస్తాయి. వీటిలో ఒక్కటీ తల్లి కడుపులోంచి నేర్చుకుని రాలేదు. ఎవరో ఒకరు చేయాలి కాబట్టి చేసింది, చేయగా చేయగా వచ్చింది, వచ్చింది కాబట్టి అది ఇక ఆమె పనే అయిపోయింది. నాలుగు మంచి మాటలనేసి పని అంటగట్టడం డ్వేన్‌కి వచ్చిన విద్య. దాన్ని అతనికి ఎవరూ నేర్పలేదు పాపం.

కవరు ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. డ్వేన్ పనిచేసేది అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలో నది పక్కనున్న అట్టపెట్టెల ఫ్యాక్టరీలో. నిన్నమొన్నటిదాకా అక్కడ పనిచేసే వాళ్ళందరికీ కంపెనీయే ఒక ఆరోగ్య ఇన్సూరెన్సు చూసి పెట్టేది, ఏటా నవంబరులో కంపెనీ వెబ్‌సైటులో ఇంట్లో వాళ్ళ పేర్లు నింపితే సరిపోయేది. అది మంచిదో చెడ్డదో అందరికీ ఒకటే, అందరూ కలిసి తిట్టుకునేవారు. ఈ ఏడు అది మానేశారు. ఇకమీదట కంపెనీ తలా ఇంత అని ఒక మొత్తం ఇచ్చేసి చేతులు దులుపుకుంటుంది. ఆ మొత్తం పట్టుకుని ఒక ప్రైవేటు వెబ్‌సైటులోకి వెళ్తే, అక్కడ రకరకాల కంపెనీల ప్లాన్లు వరసగా పెట్టి ఉంటాయి, బజార్లో సబ్బుల్లా. నచ్చింది తీసుకోవచ్చు. కంపెనీ ఇచ్చే దానికన్నా ఖరీదైనది తీసుకుంటే పైది జీతంలోంచి కోస్తారు. ‘ఇక ఎంపిక మీదే!’ అని కవరు మీద నవ్వుతున్న కుటుంబం బొమ్మ పక్కన రాశారు. ఆ బొమ్మలో మొగుడు కూడా కంప్యూటర్ వంకే చూస్తున్నాడు. ఆ ఫోటో ఏ దేశంలో తీశారో గానీ ఈ ఊళ్ళో మాత్రం తీసి ఉండరు అనుకుంది కొరీన్.

ఆ వారమంతా వంటయ్యాక కాసేపు కూర్చుని ఆమె ఆ ప్లాన్లు చదివింది. పైకి ఎన్ని పేర్లున్నా లోపల సంగతి ఒకటే. నెలనెలా తక్కువ కడితే, జబ్బు చేసినప్పుడు ముందు మన జేబులోంచి ఎక్కువ పోయాలి. దాన్ని వాళ్ళు డిడక్టిబుల్ అంటారు. అది నిండేదాకా ఇన్సూరెన్సు వాళ్ళు పైసా విదల్చరు. నెలనెలా ఎక్కువ కడితే ఆ గుంట చిన్నదవుతుంది. అంటే ఇంట్లో ఎవరికీ ఏమీ కాదని గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలిగితే చవకది తీసుకోవాలి. ఏదో అవుతుందని ముందే తెలిస్తే ఖరీదైనది తీసుకోవాలి. ఏమీ తీసుకోకుండా గడువు దాటిపోతే, కంపెనీయే అందరినీ తీసుకెళ్ళి అన్నిటికన్నా చవకదానిలో పడేస్తుంది.

కొరీన్‌కి ముందే తెలుసు. ఆమె గర్భసంచిలో గడ్డలున్నాయి. రెండేళ్ళ కిందట డాక్టరమ్మ పరీక్ష చేసి, సంచి తీసేయాలి, ఆలస్యం చేయకు అంది. ఆలస్యం చేయకూడదని కొరీన్‌కీ ఉంది. కానీ ఆ ఏడాది డిడక్టిబుల్ కట్టడానికి దాచిన డబ్బు పొయ్యి గొట్టానికి పోయింది. మరుసటి ఏడు కూతురు ట్రిషకి జ్ఞానదంతాలు పీకించారు. ఆ తర్వాత అత్తగారు వెర్నాకి కిడ్నీలు పాడై డయాలసిస్ మొదలయింది. వెర్నాకి ప్రభుత్వ ఇన్సూరెన్సు ఉంది కాబట్టి డబ్బు ఇబ్బంది లేదు, కానీ వారానికి మూడు మధ్యాహ్నాలు ఆవిడని కారులో తీసుకెళ్ళి తీసుకురావాలి. ఆ పని కూడా కొరీన్‌కి బాగా వచ్చు. నెలకి పది పన్నెండు రోజులు ఆమెకి రక్తం ఆగకుండా పోతుంది. కారు సీటు మీద మడిచిన తువ్వాలు వేసుకుని కూర్చుంటుంది. నల్ల ప్యాంట్లు తప్ప ఇంకోటి కొనడం మానేసింది. తను పనిచేసే స్కూలు వంటగదిలో సూపు గంగాళం ఎత్తినప్పుడు కళ్ళు చీకట్లు కమ్మితే, ఫ్రిజ్ గదిలోకి వెళ్ళి గోడకి ఆనుకుని కాసేపు నిలబడి వస్తుంది. అక్కడ చల్లగా ఉంటుంది, ఎవరూ చూడరు.

డాక్టరమ్మ చెప్పిన రోజే ఆమె ఇంట్లో చెప్పింది. భోజనాల దగ్గర చెప్పింది. టీవీలో ఫుట్‌బాల్ వస్తోంది. డ్వేన్ తలూపి, “అయ్యో, సరే అయితే, చూద్దాంలే,” అన్నాడు. వెర్నా మాంసం ముక్క కోసుకుంటూ, “మా కాలంలో ఇవన్నీ మగాళ్ళ ముందు మాట్లాడేవాళ్ళం కాదు. మా అమ్మకి యాభై దాటాక వాటంతటవే ఆగిపోయాయి,” అంది. ఆ తర్వాత బంగాళాదుంపల గిన్నె ఇటు జరపమంది. కొరీన్ జరిపింది.

వెబ్‌సైటులో ఒకచోట ఇంట్లో ఒక్కొక్కరూ పోయినేడు ఎన్నిసార్లు డాక్టర్ దగ్గరికి వెళ్ళారో, ఏమేం మందులు వాడుతున్నారో అడిగింది. డ్వేన్‌కి బీపీ మాత్రలు, వెన్నునొప్పి, నిద్రలో గురకకి వాడే యంత్రం. ట్రిషకి ఉబ్బసం. తన దగ్గరికి వచ్చేసరికి కొరీన్ ఉన్నదున్నట్టు సున్నా అని కొట్టింది. ఆ యంత్రం ఒక్క క్షణం ఆలోచించి, ‘మీ కుటుంబానికి చవక ప్లాను చక్కగా సరిపోతుంది’ అని పచ్చరంగులో చూపించింది. డాక్టర్ దగ్గరికి వెళ్ళకపోవడమంటే ఒళ్ళు బాగుండటమేనని ఆ యంత్రం అనుకుంది. దాన్ని అని ఏం లాభం, ఇంట్లో వాళ్ళూ అదే అనుకున్నారు. అలా అనుకునేలా ఇన్నేళ్ళూ కష్టపడి నటించింది తనే. ఎవరికీ బరువు కాకూడదని, ఎవరి డబ్బూ తన మీద ఖర్చు కాకూడదని చూసుకుని, చివరికి కాగితం మీద ఆ ఇంట్లో అందరికన్నా ఆరోగ్యవంతురాలు తనే అయి కూర్చుంది. ఆమెకి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, అదీ తన మీదే ముందు వచ్చింది.

పెద్ద ప్లాను ఒకటుంది. దానిలో ఆమె డాక్టరమ్మ ఉంది, డిడక్టిబుల్ చిన్నది. జనవరిలో ఆపరేషన్ చేయించుకుంటే ఫిబ్రవరి మధ్యకల్లా లేచి తిరగొచ్చు. ఆమె దాన్ని గుర్తు పెట్టుకుని, డ్వేన్‌తో మాట్లాడదామని చూసింది. డ్వేన్ ఆ పదిహేను రోజులూ వేట సెలవు కోసం ఓవర్‌టైము చేస్తున్నాడు. “రేపు చూద్దాం,” అన్నాడు. “ఆదివారం తీరిగ్గా చూద్దాం,” అన్నాడు. ఆదివారం తుపాకీ శుభ్రం చేసుకున్నాడు.

నవంబర్‌లో జింకల వేట మొదలయ్యే శనివారం ఆ ఊళ్ళో మగాళ్ళు దొరకరు. శుక్రవారం సాయంత్రమే నారింజ రంగు కోట్లేసుకుని, ట్రక్కుల్లో బీరు పెట్టెలు వేసుకుని ఉత్తరాన అడవుల్లోకి పోతారు. తొమ్మిది రోజులు ఉంటారు. ఫ్యాక్టరీ వాళ్ళకి ఆ సంగతి తెలియదో, తెలిసే పెట్టారో గానీ, ఇన్సూరెన్సు గడువు సరిగ్గా ఆ మర్నాడు, ఆదివారంతో అయిపోతుంది. అందుకని ఏటా వేట మొదలైన శనివారం పొద్దున ఫ్యాక్టరీ మగాళ్ళ పెళ్ళాలు లైబ్రరీలో కూడతారు. ఒకరు కాఫీ తెస్తారు, ఒకరు చీజు తునకలు తెస్తారు. మొగుళ్ళ పేర్లు, మొగుళ్ళ పాస్‌వర్డులు, మొగుళ్ళ పుట్టినరోజులు కొడుతూ అందరి ఇన్సూరెన్సులూ నింపేస్తారు.

“మగాళ్ళు జింకల వెంటా, మనం వీటి వెంటా. వాళ్ళకి కనీసం మాంసమైనా దొరుకుతుంది,” అంది గేల్. ఆమె మొగుడు డ్వేన్ పక్క మిషను మీదే పనిచేస్తాడు.

“మా ఆయనకి రెండేళ్ళ నుంచి అదీ దొరకలేదు,” అంది పాకౌ. లావోస్ నుంచి వలస వచ్చిన హ్మాంగ్ కుటుంబంలోంచి వచ్చిన చురుకైన మనిషి, ముగ్గురు పిల్లల తల్లి. “బీరు తాగి వచ్చి, పెద్ద కొమ్ముల జింక ఇలా పోయింది అలా పోయింది అని చేతులు చూపిస్తాడు.”

కొరీన్ నవ్వుతూ డ్వేన్ పాస్‌వర్డు కొట్టింది. పోయినేడుదాకా అంతటితో తలుపు తెరుచుకునేది. ఈసారి తెరుచుకోలేదు. ‘ఖాతాదారుడి ఫోనుకి ఒక కోడ్ పంపాం, పది నిమిషాల్లో ఇక్కడ వేయండి’ అని వచ్చింది. ఖాతాదారుడు డ్వేన్. ఫోను డ్వేన్ జేబులో ఉంది. డ్వేన్ ఎక్కడో చెట్టు మీద కట్టిన మంచె మీద కూర్చున్నాడు. అక్కడ సిగ్నల్ కూడా ఉండదు.

“నేను మా ఆయన ఫోను లాక్కునే పంపాను,” అంది పాకౌ. “అడవిలో నీకు ఫోనెందుకు, జింకలకి మెసేజీలు పెడతావా అని అడిగా.”

అందరూ పగలబడి నవ్వారు. కొరీన్ మాత్రం కోడ్ అడుగుతున్న ఆ గడి వంకే చూసింది. తన కడుపులో గడ్డలు, వాటిని తీసే కత్తి, ఆ కత్తికయ్యే ఖర్చు, అన్నిటి తాళంచెవీ పోయి ఒక మగాడి ప్యాంటు జేబులో ఉంది. ఆ మగాడు చెడ్డవాడు కూడా కాదు. అతను చెడ్డవాడై ఉంటే ఆమెకి ఎప్పుడో తెలివొచ్చేది.

“ఎక్కడికి?” అంది గేల్, ఆమె తన ల్యాప్‌టాప్ కంప్యూటర్ మూసి సంచిలో పెట్టుకోవడం చూసి.

“కోడ్ తెచ్చుకోవడానికి.”

రెండు గంటల దారి. దారంతా ఆమె రాబిన్ అన్న మాట గురించి ఆలోచించింది. రాబిన్ స్కూలు వంటగదికి పెద్ద. కొరీన్‌ని అక్కడ వారానికి ఇరవై తొమ్మిది గంటలకి మించి పని చేయనివ్వరు. ముప్పై అయితే స్కూలు వాళ్ళు ఇన్సూరెన్సు ఇవ్వాలి కాబట్టి, ఆ ఒక్క గంటా ఎవరినీ ముట్టుకోనివ్వరు. డిసెంబరులో పెద్దవంటావిడ రిటైరవుతోంది. ఆ ఉద్యోగం పూర్తి రోజుది, సొంత ఇన్సూరెన్సు ఉంటుంది. “సోమవారానికల్లా చెప్పు, నువ్వు కాదంటే బయటివాళ్ళని పిలవాలి,” అంది రాబిన్. ఇంట్లో చెబితే డ్వేన్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. “మనకో ఇన్సూరెన్సు ఉండగా నీకు ఇంకోటెందుకు? నీకు అక్కడ వస్తే మా కంపెనీ నిన్ను దీనిలో ఉండనివ్వదు కూడా.” వెర్నా అయితే చెంచా కింద పెట్టేసింది. “అయితే నేను వారానికి మూడుసార్లు ఎవడో ముక్కూమొహం తెలియనివాడి వ్యానులో పోవాలన్నమాట.” కొరీన్ అప్పుడు, “ఊరికే అన్నాను లెండి వెర్నా,” అని ఊరుకుంది.

వేటగుడిసె దగ్గర కారాపి, ట్రిష పాత నారింజ టోపీ నెత్తిన పెట్టుకుని దిగింది. ఆ రోజుల్లో అడవిలో ఆ రంగు లేకుండా నడిస్తే మనిషేదో జింకేదో ఎవరూ చూడరు. డ్వేన్ మధ్యాహ్నం తిండికి మంచె దిగి వచ్చి ఉన్నాడు. లోపల గ్యాసుపొయ్యి మీద బీన్సు కూర ఉడుకుతోంది. బల్ల చుట్టూ పేకాట నడుస్తోంది.

“ఎవరు పోయారు?” అన్నాడు డ్వేన్ తమ్ముడు రిక్, ఆమెని చూడగానే.

“ఎవరూ పోలేదు. డ్వేన్ ఫోను కావాలి.”

“అదిగో, అనుమానం మొదలైంది! అన్నయ్యా, అన్నీ చెరిపేశావా లేదా?”

గుడిసంతా నవ్వింది. డ్వేన్ కూడా నవ్వి, ముక్కలు కింద పెట్టి, ఆమె మొహం చూసి లేచాడు. సంగతి చెబితే, “దీనికోసం ఇంత దూరం వచ్చావా? పొద్దుగూకే వేళకే జింకలు బయటికొస్తాయి కొరీన్, త్వరగా తేల్చేద్దాం,” అన్నాడు. సిగ్నల్ కోసం హైవే మీదున్న బారు దాకా వెళ్ళాలి. వాళ్ళ వైఫైకి కంప్యూటర్ తగిలించి, బారు ముందు కారులోనే కూర్చున్నారు. లోపలి నుంచి చేపలు వేయించిన వాసన వస్తోంది. ఫోను గణగణలాడింది. డ్వేన్ కోడ్ చదివాడు, ఆమె కొట్టింది, తలుపు తెరుచుకుంది.

“ఇది తీసుకుందామనుకుంటున్నా,” అని పెద్ద ప్లాను చూపించింది.

డ్వేన్ జీతంలోంచి ఎంత కోస్తారో చూసి ఈల వేశాడు. “ప్రతి జీతం చెక్కులోంచీనా? అబ్బే. పోయినేడు మనం వాడిందేముంది చెప్పు. ఊరికే దండగ. అదిగో, అదే చెబుతోందిగా, పచ్చగా ఉంది చూడు, అది కొట్టేయ్. నన్ను గుడిసె దగ్గర దింపేయ్.”

అతని గొంతులో విసుగు కూడా లేదు. పప్పు చవగ్గా ఉందని చెప్పినట్టు చెప్పాడు. ఎదురు చెప్పడానికి కొరీన్ దగ్గర మాటలు సిద్ధంగానే ఉన్నాయి, రెండు గంటలు కారులో వాటిని పేర్చుకుంటూనే వచ్చింది. నా రక్తం గురించి చెప్పనా, ఫ్రిజ్ గది గురించి చెప్పనా, తువ్వాలు గురించి చెప్పనా అనుకుంది. చెప్తే ఒప్పుకుంటాడని కూడా ఆమెకి తెలుసు. బతిమాలితే ఒప్పుకునే మనిషే. ఈ ఏడు బతిమాలితే ఒప్పుకుంటాడు, మళ్ళీ నవంబరు వస్తుంది, మళ్ళీ ఫోను అతని జేబులో ఉంటుంది. తన ఒళ్ళు ఎంత ఖరీదు చేస్తుందో ఏటా ఒకసారి కారులో కూర్చుని ఒకరికి నచ్చజెప్పుకోవాలి. ఆమెకి ఒక్కసారిగా చాలా అలసటగా అనిపించింది, అది రక్తం తక్కువై వచ్చే అలసట కాదు.

తన ఫోను తీసి రాబిన్‌కి మెసేజీ కొట్టింది. ‘ఆ ఉద్యోగం నాకే. సోమవారం వచ్చి సంతకం పెడతా.’ రాబిన్ వెంటనే జవాబిచ్చింది. ‘బతికించావు తల్లీ. ఇన్సూరెన్సు జనవరి ఒకటి నుంచి. కాగితాలు రెడీగా ఉంచుతా.’

అది రెండుసార్లు చదువుకుని, కొరీన్ కంప్యూటర్ వైపు తిరిగింది. కుటుంబ సభ్యుల వరసలో తన పేరు మీద నొక్కి తీసేసింది. ‘ఖాయమేనా?’ అని అడిగింది వెబ్‌సైటు. ఖాయమేనని నొక్కింది.

“అదేంటి, నీ పేరు పోయింది చూడు, తప్పు నొక్కావు,” అన్నాడు డ్వేన్ ముందుకి వంగి.

“తప్పు నొక్కలేదు. పెద్దవంట ఉద్యోగం ఒప్పుకున్నా. నా ఇన్సూరెన్సు నాకొస్తుంది.”

“ఎప్పుడు?”

“ఇప్పుడే. నీ పక్కనే కూర్చుని.”

డ్వేన్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. “మరి అమ్మని ఎవరు తీసుకెళ్తారు?”

“నాలుగింటి బ్యాచ్‌లో ఖాళీ ఉందని డయాలసిస్ నర్సు చెప్పింది. నీ షిఫ్టు మూడింటికి అయిపోతుంది.”

“నేనా? వారానికి మూడు రోజులా? నేను పని చేసి వచ్చి…”

“నేనూ పని చేసే వచ్చేదాన్ని డ్వేన్.”

అతను గడ్డం గీరుకున్నాడు, కిటికీలోంచి బయటికి చూశాడు. అడవి మీద వెలుగు తగ్గుతోంది, అక్కడెక్కడో తుపాకి పేలింది. అది విని కూడా అతను తల తిప్పలేదు. నిజంగానే ఆలోచిస్తున్నాడు. “అదికాదు, ఆ పచ్చదానిలో నీకు ఏం తక్కువైందని? అసలు ఇప్పుడింత తొందరేమొచ్చింది? ఒక్క ఏడాది ఆగి చూసుకోవచ్చుగా.”

“ఆగడానికి లేదు. జనవరిలో ఆపరేషన్ ఉంది.”

డ్వేన్ మొహంలో రంగు మారింది. గబుక్కున ఆమె వైపు తిరిగి, నిజమైన కంగారుతో, ప్రేమతో, గడ్డల సంగతి విన్నాక కూడా రెండేళ్ళుగా ఒకే మంచం మీద ఆమె పక్కన పడుకుంటున్న మనిషి అడిగాడు.

“ఎవరికి? అమ్మకా?”

కొరీన్ అతని వంక చూసింది. కోపం వస్తుందేమోనని ఒక్క క్షణం ఆగింది, రాలేదు. కంప్యూటర్‌ని అతని ఒళ్ళో పెట్టింది. “నాకు,” అని చెప్పి, కారు దిగి, ఆకలేస్తోందని బారులోకి వెళ్ళి తనొక్కదానికే ఒక చేపల ప్లేటు చెప్పింది.